నల్లబడిన నూనె

శుద్ధి యనగా మలినము తన్నంటకుండ దూరముగ నుండుటయా, లేక మలినమును తానంటి యితరులను కాపాడుటయా యను ప్రశ్న మన ధర్మశాస్త్రములయందును, ఉపనిషత్తులయందును, వానిని ధిక్కరించిన సంస్కర్తల వాక్కులయందును మరల మరల తలయెత్తి, ఎచ్చటను పూర్తిగ తీరక, వంటయింటి మడినుండి గర్భగుడి గడపవఱకు మన నడతను శాసించుచు వచ్చినది. ఈ ప్రశ్నను నేను కారు ఇంజనులో పోయు నూనెను, ఆ నూనెను వడకట్టు ఫిల్టరును ఎదుట నుంచుకొని విచారింపగోరుచున్నాను. వస్తువు అల్పమని పాఠకులు తలపవలదు. మోటారు సామానుల దుకాణమునకు పోయిన గృహస్థు మినరల్ అను డబ్బాకంటె ఫుల్లీ సింథెటిక్ అను డబ్బా శుద్ధతరమని నమ్మి యెక్కువ వెల యిచ్చును. ఫిల్టరు మార్చినంతమాత్రమున లోపలి నూనె పవిత్రమైనదని తృప్తి చెందును. డిప్‌స్టిక్ పైకి లాగి చూచినపుడు నూనె నల్లబడియున్నచో చెడిపోయినదని మొగము చిట్లించును. పుట్టుకనుబట్టి శుద్ధి, వడకట్టుటనుబట్టి శుద్ధి, రంగునుబట్టి అశుద్ధి. మన సంఘము మనుష్యుల విషయమున తరతరములుగ నమ్మిన మూడు నమ్మకములును ఆ యుక్కుపుల్ల చివర వ్రేలాడుచున్నవి.

ఈ విచారణకు బొంబాయిలోని కామాఠీపురా పేటను ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్ట 1784 ప్రాంతమున ముగిసి, వర్లీ గండిగుండ లోనికి చొచ్చుకొనివచ్చు సముద్రజలము ఆగిన పిమ్మట, బొంబాయి నడుమనున్న బురదనేలలు క్రమముగ ఆరి, మెరకలు వేయబడి, నివాసయోగ్యములైనవి. మెరకలు వేసి, రాళ్లు మోసి, సున్నము కలిపి, ఆ నగరమున గోడలెత్తినవారిలో నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చిన కూలీలు పెక్కుమంది. వారిని నగరము కామాఠీలని పిలిచెను. వారు కాపురముండిన పేట కామాఠీపురా యయ్యెను. బెలాసిస్ రోడ్డునకు దిగువను, సంఖ్యలే పేరులుగా గల ఆ గల్లీలలో, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆంగ్లప్రభుత్వపు ఎఱుకలోనే వేశ్యావాటికలు పాతుకొనగా, నగరమును కట్టినవారి పేరు నగరపు పాపమునకు పేరై దేశమంతట మ్రోగినది. నేటికిని అక్కడ బ్రతుకమ్మ పేర్చు తల్లులున్నారు, బోనమెత్తు ఆడపడుచులున్నారు. అయినను ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయు కుఱ్ఱవాడు తన చిరునామాలో నాగ్‌పాడా యనియో ముంబయి సెంట్రల్ అనియో వ్రాసి ఊరుకొనుట కలదు. ఆ వాటికలలో చిక్కిన స్త్రీల విషయమున జరుగు న్యాయమును ఇట్టిదే. వచ్చిపోవువాని నెవరు నడుగరు. ఉండిపోయినదానిని అందఱును వేలెత్తి చూపుదురు.

ఆ కూలీల స్వస్థలములలో ముఖ్యములగు పాలమూరు, నల్లగొండ ప్రాంతములు ఆముదపు పంటకు పేరుపడినవి. ఎఱ్ఱచెలకలలో, వాన తక్కువైన యేట కూడ, ఆముదపు చెట్టు నిలిచి కాయ నిచ్చును. దీపమునకును, తలకును, పసిబిడ్డ కడుపునకును, బండి యిరుసున పెట్టు కందెనకును ఒకే నూనె వాడిన యిండ్లలో, ఆ నూనె యే పనికి వినియోగమైనదో దానినిబట్టి విలువ యేర్పడెనే గాని, ఇరుసును తాకినది గనుక ఆముదము నీచమని యెవరును అనలేదు. పాశ్చాత్యులును మోటారు తొలినాళ్లలో ఈ త్రోవనే నడచిరి. చార్లెస్ వేక్‌ఫీల్డ్ స్థాపించిన కంపెనీవారు 1909లో తమ ఇంజన్ నూనెలో ఆముదము కలిపి, దాని యాంగ్లనామమునుండియే కాస్ట్రాల్ అను పేరు కల్పించుకొనిరి. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములలో, సిలిండర్లే గిఱ్ఱున తిరుగునట్టి రోటరీ ఇంజన్లకు, పెట్రోలులో సులభముగ కరగని గుణముగల ఆముదమే ఆధారమయ్యెను. అయితే మిక్కిలి వేడికి అది బంకగా మాఱి లోహమున కంటుకొనును గనుక, కాలక్రమమున భూతైలము దాని స్థానము నాక్రమించినది.

ఇంజనులో నూనె చేయు పని సూక్ష్మమైనది. తిరుగుచున్న క్రాంక్‌షాఫ్టునకును, దానిని మోయు బేరింగునకును నడుమ, వెండ్రుక మందములో పదవవంతైనను లేని పొరగా నిలిచి, లోహము లోహమును తాకకుండ చూచుట మొదటి పని. మండిన యింధనమునుండి పుట్టు మసిని, ఆమ్లములను, తేమను, అరిగిన లోహపు రజమును తనలోనికి తీసికొనుట రెండవ పని. వేడిని మోసికొనిపోవుట, తుప్పు పట్టకుండ కప్పియుండుట మఱి కొన్ని. వీనిలో ఏ యొక్కటియు ఏకాంతమున కూర్చుండి చేయదగినది కాదు. నూనె జీవితమంతయు స్పర్శయే.

ఇక పుట్టుక మాట. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) వారు మూలతైలములను ఐదు వర్గములుగ విభజించిరి. మొదటి మూడును ముడినూనెను ఉత్తరోత్తర తీవ్రముగ శోధింపగా వచ్చునవని సామాన్యముగ చెప్పవచ్చును. నాలుగవది పాలీ ఆల్ఫా ఓలిఫిన్, అనగా ఇథిలీను వంటి చిన్న అణువులను ఒకదాని కొకటి కూర్చి ఇచ్ఛానుసారముగ నిర్మించినది. ఐదవది ఎస్టర్లు మొదలుగాగల మిగిలిన వన్నియు. సింథెటిక్ అను గౌరవనామము మొదట నాలుగైదు వర్గములకే చెల్లుచుండెను. గత శతాబ్దపు చివర, మూడవ వర్గపు నూనెను హైడ్రోజనుతో మిక్కిలి తీవ్రముగ శోధించి, దాని అణునిర్మాణమునే మార్చి, సింథెటిక్ అని అమ్ముచున్నారని కాస్ట్రాల్ వారిపై మొబిల్ వారు అమెరికాలోని ప్రకటనల విచారణ సంఘమునకు ఫిర్యాదు చేసిరి. 1999లో వెలువడిన తీర్పు కాస్ట్రాల్ పక్షమున నుండెను. నాటినుండి మూడవ వర్గమునకును ఆ పేరు స్థిరపడినది. నేడు మన దుకాణములలో ఫుల్లీ సింథెటిక్ అను పేరుతో దొరకు నూనెలలో పెక్కింటికి మూలము ఈ వర్గమే.

ఈ వ్యాజ్యము వర్తకుల తగవు గాన తత్త్వవేత్తలకు పట్టదని నేననుకొనను. నాలుగవ వర్గమును దాని పుట్టుకనుబట్టి యేర్పఱచినారు. మొదటి మూడింటిని మాత్రము లక్షణములనుబట్టి యేర్పఱచినారు. గంధకము నూటికి 0.03 పాళ్లకు మించకయు, సంతృప్త అణువులు నూటికి 90కి తగ్గకయు, వేడి మాఱినను చిక్కదనము నిలుపుకొను శక్తిని తెలుపు సూచిక 120కి తగ్గకయు నుండిన, అది మూడవ వర్గము. ఎక్కడ పుట్టెనని యడుగువారు లేరు. ఖతారులో షెల్ వారి పెర్ల్ కర్మాగారమున సహజవాయువునుండి అణువులను కూర్చి చేయు మూలతైలము, జన్మచేత నిజమైన సంశ్లేషితమైనను, లక్షణములనుబట్టి మూడవ వర్గముననే చేరుచున్నది. ఇక కులీనమనబడు నాలుగవ వర్గపు ఇథిలీను ఎచ్చటనుండి వచ్చెనని వెనుకకు పోయి చూచినచో, అదియు ముడినూనెనుండియో, భూగర్భవాయువునుండియో పుట్టినదే. అందఱికిని మూలము ఒకే మన్ను.

భారతమున అరణ్యపర్వమందు కొండచిలువయై పడియున్న నహుషుడు బ్రాహ్మణుడెవరని యడుగగా, ధర్మరాజు సత్యము, దానము, క్షమ మొదలగు గుణము లెవనియందు కానవచ్చునో వాడే బ్రాహ్మణుడని చెప్పెను. ఆ గుణములు శూద్రునియందున్నచో వాడు శూద్రుడు కాడని కూడ చెప్పెను. చదివినవారందఱును మెచ్చుకొన్న మాటయే గాని, నడుపుకొన్న మాట కాలేదు. జోతిరావు ఫూలే 1873లో పుణెయందు సత్యశోధక సమాజమును స్థాపించినపుడు, బొంబాయిలో దానికి కొమ్ము కాచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళోజీ కాళేవార్ వంటి తెలుగువారు ముందు వరుసనుండిరి. పుట్టుకనుబట్టి తమ్మును తూచిన తక్కెడ తప్పని ఎలుగెత్తినవారు మన ప్రజలలో నున్నారని చెప్పుకొనుటకు నాకు గర్వముగ నున్నది. కామాఠీపురా పేరెత్తినపుడు ఇది యెవరికిని గుర్తురాకపోవుట నన్ను బాధించును.

కావున నూనె కొనువాడు దాని వంశవృక్షమునకై వెదకక, డబ్బాపై నున్న రెండు గుర్తులను చూచిన చాలును. మొదటిది చిక్కదనపు అంకె, అనగా 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 వంటిది. రెండవది ఎపిఐ వారు యోగ్యత నిర్ణయించి యిచ్చు ఎస్ఎన్, ఎస్‌పి వంటి అక్షరములు. ఎస్‌పి 2020లో వచ్చినది. ఈ రెండును కారుతో వచ్చిన పుస్తకమున చెప్పినవానితో సరిపోవలెను. ముంబయిలో మంచు కురియదు గదా, శీతకాలమునకై యేర్పడిన డబ్ల్యు అంకె తగ్గిన నేమి, పెరిగిన నేమి యని కొందఱు వాదింతురు. ఇంజను దృష్టిలో ముంబయి ఉదయమును చలియే. 100 డిగ్రీల వేడివద్ద 30 అంకెగల నూనె చిక్కదనము 9.3, 12.5 సెంటీస్టోక్సులకు నడుమ నుండవలెనని నియమము. ముప్పది డిగ్రీలవద్ద అదే నూనె దానికి అనేక రెట్లు చిక్కగ నుండి, తాళము త్రిప్పిన తొలి క్షణములలో పైభాగములకు తడవుగ చేరును. అరుగుదలలో పెద్దపాలు అప్పుడే జరుగును. సింథెటిక్ నూనె మేలు ఇక్కడ తెలియును. అట్లని పలుచని నూనె యెల్లవారికిని శ్రేష్ఠము కాదు. కుర్లాలో 1964 మొదలు 2000 ప్రాంతము వఱకు తయారైన ఫియట్, పద్మినీ కార్ల ఇంజన్లలో లోహములకు నడుమ ఎడము ఎక్కువ. 20డబ్ల్యు-40 వంటి చిక్కని నూనెతో దశాబ్దములు నడచిన ఆ ముదుసలి యంత్రములో 0డబ్ల్యు-20 పోయుట వెలగల అపచారము. అధికారిభేదము నెఱుగక చేసిన యుపదేశము వంటిదది.

ఫిల్టరు ప్రసంగమునకు వచ్చితిమి. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున సనత్కుమారుడు నారదునకు ఆహారశుద్ధివలన సత్త్వశుద్ధి కలుగునని చెప్పినచోట, శంకరులు ఆహారమనగా ఇంద్రియములు లోనికి తెచ్చు విషయజ్ఞానమనిరి. రామానుజులు తినెడి యన్నమే యని గ్రహించి, దానికి జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అని మూడు దోషములు చెప్పిరి. ద్రవ్యస్వభావమునుండి వచ్చునది మొదటిది. ఇచ్చినవానినుండి వచ్చునది రెండవది. వెండ్రుకయో దుమ్మో పడుటవలన వచ్చునది మూడవది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ మొదలగువారు ప్యూరొలేటర్ అను పేర మోటారు నూనెకు ఫిల్టరు కల్పించిననాటినుండి నేటివఱకు ఏ ఫిల్టరైనను తీర్చునది ఆ మూడవ దోషమును మాత్రమే. వెండ్రుక మందము 70 మైక్రానుల వఱకుండగా, మంచి ఫిల్టరు ఇరువది, ముప్పది మైక్రానుల రేణువులను నమ్మకముగ పట్టుకొనును. నూనెలో కరగిన ఆమ్లమును పట్టలేదు. కలిసిన పెట్రోలును వేఱుచేయలేదు. వేడికి తెగిపోయిన అణువును అతుకలేదు. ఖర్చైన రసాయనములను తిరిగి తేలేదు. ఫిల్టరు మార్చి నూనెను అట్లే యుంచువాడు, నూనె మార్చి ఫిల్టరును అట్లే యుంచువాడు, ఇరువురును సగము మడి కట్టుకొన్నవారే.

నాగ్‌పాడా సందులో గ్యారేజీ నడుపు పాలమూరు మూలముగల మెకానిక్ ఒకడు, తీసిన ఫిల్టరును పారవేయక, హాక్సా బ్లేడుతో దాని రేకుడొప్పను చుట్టును కోసి, లోపలి కాగితమును బల్లపై పఱచుట నేను చూచితిని. విసనకఱ్ఱవలె మడతలు పడిన ఆ గోధుమవన్నె కాగితమును అతడు రెండు చేతుల విప్పుచు పోగా, మడతల లోయలలో నల్లని ముద్దయు, ఆ ముద్దలో దీపమునకు తళుకుమను లోహపు నలుసులును కానవచ్చినవి. అయస్కాంతమును దాపునకు తెచ్చెను. కొన్ని నలుసులు లేచి అంటుకొన్నవి, అవి యుక్కువి. అంటనివి బేరింగువి. ఇంజను ఎక్కడ అరుగుచున్నదో ఆ కాగితమువలన తెలిసికొని, అటుపిమ్మట క్రొత్త ఫిల్టరు రబ్బరు చుట్టునకు క్రొత్త నూనెను వ్రేలితో పూసి, స్పానరు ముట్టక, చేతితో ఆనువఱకు త్రిప్పి, ఆనిన పిమ్మట ముప్పాతిక చుట్టు బిగించెను. చౌక నకిలీ ఫిల్టరునందు ఇదే రంగు, ఇదే పెట్టె యుండును గాని, కాగితము మడతలు తక్కువ. అంచు జిగురు ఊడియుండును. బండి ఆపినపుడు నూనె వెనుకకు జారకుండ ఆపు లోపలి రబ్బరు కవాటము గట్టిపడి పోవును. అందువలననే నకిలీలు పుట్టకుండ ఖాళీ నూనెడబ్బాను పొడిచి, ఫిల్టరు పెట్టెను చింపి పారవేయుమని అతడు వచ్చినవారందఱికి చెప్పుచుండును.

ఫిల్టరులో నన్ను మిక్కిలి యాలోచింపజేసినది దాని బైపాస్ వాల్వు. కాగితము పూడిపోయినను, చలికి నూనె మిక్కిలి చిక్కబడినను, ఫిల్టరునకు ఇరుప్రక్కల ఒత్తిడి భేదము ఇంచుమించు 1 బారునకు చేరగానే ఒక చిన్న స్ప్రింగు లొంగి, వడకట్టని నూనెనే ఇంజనులోనికి పోనిచ్చును. మలిననూనెవలన ఇంజను మెల్లగ అరుగును. నూనె లేకపోయినచో నిమిషములలో బిగిసి ఆగిపోవును. దీనిని కల్పించిన ఇంజనీరులు ఛాందోగ్యము చదివియుండరు గాని, అందు ప్రథమాధ్యాయముననే ఉషస్తి చాక్రాయణుని కథ యున్నది. కురుదేశమున పంటలు నశించి కఱవు వచ్చినపుడు, ఆ విద్వాంసుడు మావటివాండ్ర గ్రామమున ఒకడు తినుచున్న ఉలవల ఎంగిలిని యాచించి తినెను. తిన్న పిమ్మట అతడు నీళ్లుకూడ ఇయ్యబోగా, ఎంగిలి నీరు వలదని నిరాకరించెను. ఉలవలు ఎంగిలి కావా యని మావటి యడుగగా, అవి తినకున్న బ్రతుకనని, నీరు మాత్రము కోరినచోట దొరకునని బదులిచ్చెను. శుద్ధికంటె ప్రాణము మిన్న; అయితే ప్రాణమునకు వలసినంతమేరకే నియమమునకు సడలింపు. వాల్వు ధర్మమును అంతమాత్రమే, ఒత్తిడి తగ్గగనే మూసికొనును. పూడిన ఫిల్టరును ఏండ్లతరబడి మార్చని యజమాని మాత్రము ఆపద్ధర్మమును నిత్యధర్మముగ చేసికొని, తన ఇంజనుచేత దినదినము ఎంగిలి త్రావించుచున్నాడు.

ఇక నలుపు. ఇంజన్ నూనెలో నూటికి ఇన్ని పాళ్లని కలుపు రసాయనములలో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనునవి గలవు. మొదటివి లోహమునకు మడ్డి పట్టనీయవు, పుట్టిన ఆమ్లమును విఱుచును. రెండవవి మసి రేణువు నొక్కొక్కదానిని చుట్టుకొని, రేణువులు గుంపుగూడి ముద్దకట్టకుండ, నూనెలోనే తేలియాడునట్లు చేయును. ఆ రేణువులు ఫిల్టరు రంధ్రములకంటె మిక్కిలి చిన్నవి, వడకట్టుటకు చిక్కవు. అందుచేత క్రొత్త నూనె పోసిన కొలది దినములకే నల్లబడుట, ముఖ్యముగ డీజిలు బండ్లలో, చెడుటకు గుర్తు కాదు. ఆ నాగ్‌పాడా మెకానిక్ మాట నాకు శాస్త్రవాక్యమువలె తోచినది. "నల్లగైందని పరేషాన్ గాకు సారూ, లోపలి మడ్డంత గిది మీదేసుకున్నది, గందుకే నల్లగైంది. ఆయిల్ తెల్లగుండి ఇంజన్‌ల మడ్డి పడ్డదనుకో, గప్పుడు భయపడాలె." మఱియు నతడు చెప్పిన రెండవ మాట మొదటిదానికంటె గట్టిది. ముంబయి టాక్సీలు ఈ శతాబ్దారంభమునుండి సి.ఎన్.జి.కి మాఱినవి. గ్యాసు మండినపుడు మసి మిక్కిలి తక్కువ. నూనె నెలల తరబడి తేనెరంగుననే యుండును. కాని ఆ ఇంజనులో వేడి యెక్కువగుటవలన నూనె ప్రాణవాయువుతోడను, నైట్రోజను ఆక్సైడులతోడను కలిసి, లోలోపల చిక్కబడి, ఆమ్లమై, సత్తువ కోల్పోవుచుండును. కంటికి తేటగ కనబడు నూనె సారము పోయినదై యుండవచ్చును; నల్లని నూనె తన పనిలో నిండుగ నిలిచియుండవచ్చును. వేమన తన జీవితమంతయు వెలి శుభ్రమును దులిపినాడు గాని, ఈ సాక్ష్యము ఆయనకు దొరకలేదు.

ఇచట నొక యాక్షేపమును ఎదుర్కొనక తప్పదు. మలినమును మోయువాడే శుద్ధుడని చెప్పుట మోయువానికి మేలు చేయునా? ఇట్టి పొగడ్త మన దేశమున క్రొత్త కాదు. పాకీపనివారి పని పవిత్రమని గాంధీగారు పలుమారు శ్లాఘించిరి. ఆ శ్లాఘన పాకీవానిని పాకీపనిలోనే యుంచుటకు పనికివచ్చునని, దారిద్ర్యమును దరిద్రునకు పుణ్యముగ బోధించుట క్రూరమని డాక్టర్ అంబేద్కర్ 1945లో ప్రకటించిన గ్రంథమున తీవ్రముగ ఖండించిరి. ఈ విషయమున అంబేద్కర్ గారి వాదము నాకు తిరుగులేనిదిగ తోచును. నూనెకు ఇచ్ఛ లేదు, నొప్పి లేదు, పిల్లలు లేరు. మనుష్యునకు ఇవి యన్నియు గలవు. నూనెవలన నేర్వదగినది మోయువాని మహిమ కాదు, మోయించువాని బాధ్యత. ఎంత మేలైన నూనెకైనను మోయు శక్తికి మితమున్నది. డిస్పర్సెంట్లు ఖర్చు కాగానే, అంతవఱకు పట్టియుంచిన మసినంతటిని ఒక్కసారిగ విడిచిపెట్టగా, అది మడ్డియై దారులను పూడ్చును. ఆ దినమున యజమాని నూనెను నిందించును. నిజమునకు నింద వేళకు మార్చనివానిది.

మన దేశపు పెట్రోలు కార్ల పుస్తకములలో పెక్కింటియందు 10,000 కిలోమీటర్లు లేక ఒక యేడాది, ఈ రెంటిలో ఏది ముందు వచ్చిన నప్పుడు నూనె మార్పుమని యుండును. కఠినమైన వాడుకకు గడువు తగ్గించుమనియు ఆ ప్రక్కనే యుండును. బెలాసిస్ రోడ్డుమీద సిగ్నలువద్ద నిలిచిన టాక్సీ ఇంజను తిరుగుచునే యుండును గాని కిలోమీటరు అంకె కదలదు. ఒక పేటనుండి ప్రక్కపేటకు పోవు చిన్న ప్రయాణములలో నూనె పూర్తిగ కాగక, చేరిన తేమ ఆవిరికాదు. వర్షకాలమున ఇది మఱియు హెచ్చు. ఇట్టి నగరమున కిలోమీటర్లు మాత్రము చూచి సింథెటిక్ గదా యని గడువు పొడిగించువాడు, మంచి పనివాడు దొరకెనని రెండు షిఫ్టులు చేయించు మిల్లు యజమానివంటివాడని వర్లీ బి.డి.డి. చాళ్లలోని మన పద్మశాలీ వృద్ధులెవరైనను చెప్పగలరు; ఆ పనిగంటలు వారి యొడలెఱిగినవే.

దించిన నూనె ఎచ్చటికి పోవుననుట ఈ విచారమున ఆఖరి ఘట్టము, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది. అంతకాలము ఇంజనును శుభ్రముగ నుంచిన ద్రవము విషము కాదని తలచి గ్యారేజీ ముంగిట మోరీలో వంపువారు నేటికిని గలరు. ఒక కారునుండి ఒకమారు తీసిన నూనె పదిలక్షల గాలన్ల మంచినీటిని చెఱపగలదని అమెరికా పర్యావరణ సంస్థవారు హెచ్చరించిరి. గల్లీ మోరీలో పోసినది వానకు పొంగి ఆ గల్లీ ఖోలీలలోనికే వచ్చును గాని, కారు యజమాని మలబారు హిల్ మేడకు పోదు. మన దేశమున వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. దానిని నమోదైన శుద్ధికారులకే యియ్యవలెను. నూనె తయారుచేసినవారే వాడిన నూనెలో కొంత భాగమును తిరిగి శుద్ధిచేయించు బాధ్యత వహింపవలెనను నియమము 2024 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. నేను చెప్పిన మెకానిక్ వాడిన నూనెను మూతగల పీపాలో నింపియుంచి, రసీదు ఇచ్చువానికే పోయును. ఇటుకబట్టీలో మండించుటకు ఎక్కువ ధర యిత్తునని వచ్చినవానిని త్రిప్పి పంపెనని విని సంతోషించితిని.

శుద్ధికారులవద్ద ఆ నూనెనుండి నీటిని, ఇంధనమును ముందు వేడిచేసి తఱిమి, శూన్యపీడనమున స్వేదనము చేసి, హైడ్రోజనుతో తుది శోధన చేసిన పిమ్మట, భూమినుండి క్రొత్తగ తీసిన మూలతైలమునకు పెట్టు పరీక్షలే దానికిని పెట్టుదురు. ఆ పరీక్షలలో నెగ్గిన పునశ్శోధిత తైలముతో చేసిన ఇంజన్ నూనెకు ఎపిఐ వారు ముద్ర నిరాకరింపరు. నల్లబడి, వాడబడి, పీపాలో పడిన నూనెకు ద్వితీయజన్మ యున్నదని రసాయనశాస్త్రము ఒప్పుకొన్నది. కొనువాడు మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు. పాతనూనెనుండి చేసినదని డబ్బాపై వ్రాసినచో అమ్ముడుపోదను భయమున వర్తకులు ఆ సంగతి పెద్దయక్షరములతో చెప్పుకొనరు. కారుతో వచ్చిన పుస్తకమున చెప్పిన అంకెయు, ఎపిఐ అక్షరములును దానిపై సరిగ నున్నచో, నా మట్టుకు నేను అట్టి డబ్బానే అడిగి తీసికొందును. అడుగువారు పదిమంది యైనచో దుకాణదారుడును దానిని ముందు అరలో పెట్టును.